నైరేషో ఇంట్లో ఏడుగురు

నరామత్ రాసినంత అందంగా ఫైలు రాసే టీచరు ఆ కౌంటీ మొత్తంలో ఇంకొకరు లేరు. అదే ఆమె కొంప ముంచింది.

నాలెపో ఊరి చిన్నబడికి ఆమె ఒక్కతే టీచరు. పైన రేకులు, మూడు వైపులా గోడలు, నాలుగో వైపు ఎప్పటికైనా కడతామన్న మాట. నాలుగైదేళ్ళ పిల్లలు పొద్దున మందలు మేతకు వెళ్ళాక ఎవరి జావగిన్నె వాళ్ళు పట్టుకుని వస్తారు. ఎంతమంది అని అడగకండి. ఉన్నారు.

ఆ పిల్లల బుర్రలు పదునెక్కడానికి ఏ పూట ఏ ఆట ఆడించాలో, దేన్ని దేనితో జత కలిపించాలో, ఏది పెద్దది ఏది చిన్నది అని ఎలా అడగాలో వారం ముందే ప్లాను రాసి ఫైల్లో పెట్టాలి. ప్లాను రాయకుండా ఎంత బాగా చెప్పినా ఆ పాఠం చెప్పనట్టే. ప్లాను బాగా రాస్తే, చెప్పకపోయినా చెప్పినట్టే. ఈ రెండో సంగతి శిక్షణలో ఎవరూ నేర్పరు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఎవరికి వాళ్ళకే తెలిసిపోతుంది.

ఆ సోమవారం పర్యవేక్షణకు మ్విరిగి సారు వచ్చాడు. మెరూ వైపు మనిషి. తేయాకు తోటల చల్లదనంలో పుట్టి, బదిలీ మీద ఈ ఎండలోకి వచ్చిపడ్డాడు. ఎనిమిదేళ్ళయినా ఆయన బూట్లకు పాలిష్ తప్పలేదు, ఆ పాలిష్ మీద దుమ్మూ తప్పలేదు. మోటారు సైకిలు దిగి, నరామత్ ఇచ్చిన పాల టీ తాగుతుంటే ఫోను మోగింది. "జ్వరం తగ్గిందా? మరి దగ్గు? డాక్టరు ఏమన్నాడు?" అని గొంతు తగ్గించి మాట్లాడి, ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, ఫైలు తెరిచాడు. చదువుతూ చదువుతూ నవ్వాడు. అధికారి నవ్వాడని నరామత్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"భయపడకు టీచర్, మంచి మాటే చెప్పబోతున్నా," అన్నాడు. "ఇది చూడు. 'నా కుటుంబం' పాఠం. ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టడం. 'నైరేషో తన ఇంటివాళ్ళను తలుచుకుంటూ వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, ఎవరూ అందించకుండానే ఏడుగురు అని చెప్పింది. చెప్పాక సిగ్గుపడి చెయ్యి వెనక్కి దాచుకుంది.' చదువుతుంటే పిల్ల ఎదురుగా నిలబడ్డట్టుంది. మిగతావాళ్ళు ఏం రాస్తారో తెలుసా? 'పిల్లలు లెక్కించిరి. ఫలితము తృప్తికరము.' అందరిదీ అదే ముక్క."

నరామత్ నేల చూపులు చూస్తూ నిలబడింది. సిగ్గనుకున్నాడాయన.

"కాంట్రాక్టు టీచర్లలో కొందరిని ఈ ఏడు పర్మనెంటు చేస్తున్నారు. జాబితాలో పేరు లేనివాళ్ళను డిసెంబరులో ఇంటికి పంపేస్తారు, అది కూడా ఖాయమైంది. నీ పేరు నేనే రాశాను. ఒక్కటే మిగిలింది. పై వారం శుక్రవారం ఇక్కడ నమూనా పాఠం పెడుతున్నాం. చుట్టుపక్కల టీచర్లు వస్తారు, ఆఫీసు నుంచి ఇద్దరు వస్తారు, పిల్లల ఇళ్ళవాళ్ళను కూడా పిలుద్దాం. ఈ పాఠమే చెప్పు. ఇందులో రాసినట్టే చెప్పు. అది చాలు."

"వేరే పాఠం చెప్పమంటారా సార్? రంగులూ, ఆకారాలూ..."

"ఎందుకు? నాలుగేళ్ళుగా చెబుతున్న పాఠమే కదా ఇది."

నాలుగేళ్ళుగా ఆమె ఆ పాఠం ఒక్కసారి కూడా చెప్పలేదు.

చెప్పడానికి వీలుంటే కదా. నాలెపోలో మనుషుల్ని లెక్కపెట్టరు. మేకల్నీ లెక్కపెట్టరు, ఆవుల్నీ లెక్కపెట్టరు. నీకు ఎంతమంది పిల్లలని అడిగితే, ఉన్నారు అంటారు. అంతకు మించి అడిగినవాడు మర్యాద తెలియనివాడు. అంకె పైకి వచ్చిందంటే అది తగ్గడానికే వస్తుందని వాళ్ళ భయం. ఒక ఏడాది జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఇంటింటికీ సుద్దముక్కతో అంకె వేసి వెళ్ళారు. తర్వాతి వానలకు తట్టు వచ్చింది. ఆ రెంటికీ ముడిపెట్టి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆడవాళ్ళు చీపురు కట్టలు తెచ్చి గోడల మీది సుద్ద మాత్రం తుడిచేశారు.

నరామత్ చదువుకున్నది. తట్టు ఎలా వస్తుందో ఆమెకు తెలుసు. అయినా ట్రైనింగు కాలేజీ దరఖాస్తులో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎంతమంది అన్న గడి దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. ఖాళీగా ఇస్తే గుమాస్తా వెనక్కి ఇచ్చాడు. చివరికి మూడు అని రాసి ఇచ్చింది. ఆ మూడులో ఎవరున్నారో, ఎవరు లేరో ఇప్పటివరకూ ఆలోచించలేదు, ఆలోచించదు కూడా. రోజూ హాజరుపట్టీలో పేరు పక్కన పేరు చూసి గుర్తు పెడుతుంది. నెలాఖరున మొత్తం వెయ్యాల్సి వచ్చినప్పుడు కాగితం మీది గుర్తుల్ని మాత్రమే కూడుతుంది. గుర్తులు పిల్లలు కాదని తనకు తానే చెప్పుకుంటుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఈ పాఠం బదులు ఇంకేదైనా పెట్టొచ్చా అని ఆఫీసులో పెద్దసారును అడిగింది. శీర్షికలు పై నుంచి వస్తాయి, మార్చడానికి వీల్లేదు, ఒక్క శీర్షిక ఖాళీగా ఉన్నా ఫైలు అసంపూర్ణం, అసంపూర్ణమైతే కాంట్రాక్టు పొడిగించరు అన్నాడాయన. అందుకని రాసింది. ఒక్కో పిల్ల పేరు పక్కన నోటికొచ్చిన అంకె వేసింది. కావాలనే తప్పు అంకెలు వేసింది, నిజం కాని లెక్క ఎవరినీ ఏమీ చెయ్యదని. రాస్తున్నకొద్దీ చెయ్యి తిరిగింది. పిల్లలు సిగ్గుపడడం, వేళ్ళు మడవడం, మధ్యలో తమ్ముణ్ణి మరిచిపోయి నాలుక కరుచుకోవడం, అన్నీ తనే పుట్టించింది. అబద్ధాన్ని అంత ముద్దుగా రాయకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇప్పుడు నిజం చెబితే నాలుగేళ్ళ ఫైలు దొంగ ఫైలవుతుంది. పాఠం చెబితే పిల్లలు రారు. చెప్పకపోతే డిసెంబరు.

బుధవారం మధ్యాహ్నం నోంగీషు అవ్వ దగ్గరికి వెళ్ళింది. నైరేషోకు నాయనమ్మ ఆవిడ. ఊళ్ళో పది మంది ఆడవాళ్ళు ఏమనుకుంటారో ఆవిడ ముందే అనుకుని పెడుతుంది. గుడిసె నీడలో కాళ్ళు చాపుకుని పూసలు గుచ్చుతోంది. లోపల కోడలు ఒత్తిగిలి పడుకుని ఉంది, నెలలు నిండిన మనిషి.

"కూకో తల్లీ. మొగం ఏంది అట్లా ఉండాది?" అంది అవ్వ.

నరామత్ సంగతంతా చెప్పింది, ఫైల్లో ఏముందో తప్ప.

"లెక్కపెట్టమన్నాడా? ఎందుకంట? మనల్ని సంతకు తోలుతాడా?"

"పిల్లలకు తెలివి పెరగడానికి అవ్వా."

"తెలివా. పొద్దుగూకి మంద దొడ్లోకి వస్తా ఉంటే మా నైరేషో గుమ్మంలో నిలబడి, చెవి చిరిగిన బొల్లిది రాలేదే నాయనమ్మా అంటాది. నాలుగేళ్ళ పిల్ల. మీ సారు అనగలడా? లెక్కపెట్టేవోడికి ఒకటి తక్కువని తెలస్తాది. ఏది తక్కువో యాడ తెలస్తాది?"

"అది నాకు తెలుసు అవ్వా. ఆయనకు చెప్పలేను."

"ఎందుకు చెప్పలేవు? నోరు లేదా?"

నోరు ఉంది. ఆ నోటికి అడ్డంగా ఫైలుంది.

"ఆ శుక్రవారం పిల్లోళ్ళకందరికీ జ్వరమొచ్చిందని చెప్పు," అంది అవ్వ. "ఒక్కరినీ పంపం. మేం సూసుకుంటాం."

"ఖాళీ చాపలకు పాఠం చెప్పమంటావా?"

"చాపలైతే లెక్కపెట్టుకోవచ్చు గదా," అని అవ్వ నవ్వింది. నరామత్‌కూ నవ్వొచ్చింది, కానీ అది ఏడుపు దాకా వెళ్ళేలా ఉందని ఆపుకుంది.

అవ్వ నవ్వు మానేసింది. పూసల దారం ఒళ్ళో పెట్టుకుంది. "చూడు తల్లీ. నువ్వు పోతే ఇంకొకామె వస్తాది. ఆమె మనది కాకపోతే వచ్చిన రోజే లెక్కపెట్టిస్తాది. నువ్వు ఉండాలనే నాకూ ఉండాది. కానీ లోపల పడుకున్న దాన్ని చూసినావు గదా. ఇట్లాంటప్పుడు మా ఇంటి లెక్క ఎవురి నోట్లోనైనా పడితే మా పిల్ల మళ్ళీ నీ బడి మొగం చూడదు. మా పిల్ల రాకపోతే ఇంకెవురూ రారు. నీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ ఇంటి లెక్క ఒక కాగితం మీద పడి ఆరు నెలలైందని ఆ క్షణంలో చెప్పేద్దామనుకుంది నరామత్. లోపల కోడలు మూలిగింది. అవ్వ లేచి వెళ్ళింది. నరామత్ చెప్పకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆదివారం చర్చి అయ్యాక బడిలో ఒక్కతే కూర్చుంది. ఆమెకు రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఫైలు. రెండోది అట్ట చిరిగిన పాత నోటు పుస్తకం, ఎవరికీ చూపించదు. బడిలో నిజంగా ఏం చేస్తుందో అందులో ఉంటుంది. నాలుగేళ్ళుగా పెంచుకుంటూ వచ్చిన 'ఎవరు రాలేదు' ఆట అందులోనే ఉంది. పిల్లలంతా దొడ్లో మేకల్లా ఒద్దికగా కూర్చుని కళ్ళు మూసుకుంటారు. టీచరు ఒకరి వీపు తడుతుంది. ఆ పిల్ల చప్పుడు చెయ్యకుండా గోడ వెనక్కి పోతుంది. కళ్ళు తెరిచి ఎవరు రాలేదో చెప్పాలి. అది సులువైపోయాక ఎక్కడ కూర్చుందో, మెడలో ఏ రంగు పూసలో, పక్కనెవరో చెప్పాలి. తర్వాత ఇద్దరు. తర్వాత మిగిలినవాళ్ళ చోట్లు మార్చేసి అడగడం. మొదటి నెల బిక్కమొగాలు వేసే పిల్లలు మూడో నెలకు రెప్ప తెరిచేలోగా చెప్పేస్తారు. చూసినదాన్ని మనసులో నిలబెట్టుకోవడం, తేడా పట్టుకోవడం, మాటల్లో పెట్టడం, ఆ ఆటలో అన్నీ ఉన్నాయి. అంతకన్నా మంచి ప్లాను ఆమె జీవితంలో వెయ్యలేదు. ఫైల్లో దానికి గడి లేదు. ఉన్న గడి ఒకటే: 'ఎంతవరకు లెక్కించగలరు?'

సాయంత్రం దాకా ఆలోచించి ఒక ఉపాయం పట్టుకుంది. మనుషుల్ని కాదు, గులకరాళ్ళను పట్టుకుందాం. ఇంట్లో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కొక్క రాయి పెట్టిద్దాం. పెద్దవాళ్ళకు పెద్ద రాయి, చిన్నవాళ్ళకు చిన్న రాయి. అంకె పైకి రాకుండా జత కలపడం పిల్లలకు వస్తుంది, చూసేవాళ్ళకు లెక్కలాగే ఉంటుంది. దేవుడు చల్లగా చూస్తే సారు అక్కడితో ఆగుతాడు. వాగులోకి దిగి ఒడి నిండా గులకరాళ్ళు ఏరుకొచ్చింది.

శుక్రవారం జనం బాగానే వచ్చారు. ఆఫీసు మనుషులిద్దరు కుర్చీల్లో, టీచర్లు బల్ల మీద. అందులో పక్క బడి తిపానోయ్ కూడా ఉంది, పోయిన ఏడే చేరిన పిల్ల, నరామత్‌ను అక్కా అంటూ వెంట తిరుగుతుంది. తల్లులూ అవ్వలూ నాలుగో గోడ ఉండాల్సిన చోట నేల మీద కూర్చున్నారు. నోంగీషు అవ్వ అందరికన్నా ముందు, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

రాళ్ళు పంచాక పిల్లలు పనిలో పడ్డారు. వాళ్ళ ముఖాలు చూస్తే నరామత్ భయం కాసేపు పక్కకు జరిగింది. ఒకడు వాళ్ళ నాన్నకు అందరికన్నా పెద్ద రాయి ఏరి, ఎత్తలేక దొర్లించుకొచ్చాడు. నైరేషో వాళ్ళ నాయనమ్మకు కోణాలున్న రాయి వెతికి పెట్టింది. అవ్వలు నవ్వుకున్నారు. రాళ్ళు రాళ్ళే కదా, వాళ్ళకేం పట్టింపు లేదు.

"చాలా బాగుంది," అన్నాడు మ్విరిగి సారు. "ఇప్పుడు లెక్క."

"ముందు నున్నటివి ఏవో, గరుకువి ఏవో చూద్దాం సార్," అంది నరామత్. చూశారు. "బరువువి ఏవో చూద్దాం." చూశారు. "తెల్లవి..."

సారు వాచీ చూసుకున్నాడు. తనే లేచి వచ్చి, ప్యాంటు పైకి లాక్కుని నైరేషో పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫైల్లో ఆయనకు నచ్చిన పిల్ల ఈమే కదా. మొదటి రాయి మీద వేలు పెట్టాడు. "ఒకటి," అన్నాడు.

చేతికర్ర కొన వచ్చి ఆ రాళ్ళన్నిటినీ పక్కకు నెట్టేసింది.

"రాళ్ళు దొర్లినాయి సారూ," అంది నోంగీషు అవ్వ. "నేల ఎగుడుదిగుడు."

కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. సారు కూడా నవ్వాడు, చెడ్డవాడు కాదాయన. "పర్వాలేదు అవ్వా. రాళ్ళు లేకపోయినా ఈ పాపకు వచ్చు. వినండి," అని ఫైలు తీసి గట్టిగా చదివాడు. వేళ్ళు మడవడం చదివాడు, సిగ్గుపడడం చదివాడు, ఏడుగురు అని చదివాడు. ఎనిమిదేళ్ళలో ఆయన ఊరి భాష నేర్చుకున్నా, ఫైలు చదివింది స్వాహిలీలో. నాలెపో అవ్వలకు స్వాహిలీ అంతగా రాదు గానీ సంతకు వెళ్ళేవాళ్ళు కాబట్టి అంకెలు వచ్చు.

తల్లుల్లో ఒక ఆవిడ తన పిల్లను చెయ్యి పట్టి ఒళ్ళోకి లాక్కుంది. నోంగీషు అవ్వ సారు వైపు చూడలేదు. నరామత్ వైపు చూసింది. ఆ అంకె తప్పని ఆవిడ అనలేదు, తప్పని అంటే ఒప్పేదో చెప్పినట్టవుతుంది. నోరు విప్పడానికి లేదు, మూసుకోవడానికీ లేదు. తనను పట్టిన ఉచ్చులోకే ముసలిమనిషినీ లాగానని నరామత్‌కు అర్థమైంది. గోడ లేని వైపు నుంచి బయటికి దారి ఉంది, ఆ దారినిండా అవ్వలే కూర్చుని ఉన్నారు.

"సారూ," అంది అవ్వ చివరికి. "నీకు పెళ్ళయిందా?"

"అయింది అవ్వా."

"పిల్లోళ్ళా?"

"ఉన్నారు," అన్నాడాయన వెంటనే.

"ఎంతమంది?"

ఎవరైనా అడిగితే ఇట్టే చెప్పే మాట అది. ఆయన నోరు తెరిచాడు. చెయ్యి చొక్కా జేబులోని ఫోను మీదికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. పోయిన వారం సోమవారం టీ తాగుతూ ఆయన మాట్లాడిన మాటలు నరామత్‌కు గుర్తొచ్చాయి. అందరూ ఎదురు చూస్తున్నారు. పిల్లలు కూడా ఆయన నోటివైపే చూస్తున్నారు.

"మా అమ్మ కూడా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. "ఉన్నారు అవ్వా. ఉన్నారు."

"ఆఁ. మాకూ ఉన్నారు," అంది అవ్వ.

సారు లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. కుర్చీల వైపు తిరిగి, "ఆశించిన సామర్థ్యం సాధించబడింది," అన్నాడు. "జావ తాగుదాం."

అందరూ వెళ్ళాక మోటారు సైకిలు దగ్గర ఆయన హెల్మెట్ చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఈ పాఠం ఒక్కసారైనా చెప్పావా?" అని అడిగాడు.

చెబితే అయిపోతుందని నరామత్‌కు ఒకవైపు ప్రాణం పీకింది. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

"వద్దులే, చెప్పకు," అన్నాడు ఆయనే. "నాలుగేళ్ళూ దాని కింద నా సంతకం ఉంది. నీది తప్పయితే నాదీ తప్పే. నేను చూశాను, నువ్వు చెప్పావు, పిల్లలు లెక్కపెట్టారు. అంతే." బండి ఎక్కాక మళ్ళీ అన్నాడు: "నిజంగా ఏం ఆడిస్తావో ఎప్పుడైనా చూడాలనుంది. ఇప్పుడు కాదు."

రాళ్ళు ఏరుతుంటే నోంగీషు అవ్వ వచ్చి నిలబడింది. "ఆ అంకె ఎవురు రాసినారు?"

"నేనే అవ్వా."

"మా ఇల్లు చూసి రాసినావా?"

"లేదు. ఉత్తినే రాశాను. అబద్ధం అది."

అవ్వ ఏదో అనబోయి పెదాలు బిగించుకుంది. అబద్ధమని ఒప్పుకున్నా లెక్కే. "పిల్లను పంపుతా," అంది. "నువ్వు పోతే వచ్చేదాన్ని తలుచుకుని పంపుతా, నీ మీద ప్రేమతో కాదు. ఆ కాగితం మాత్రం మా గుమ్మం దాకా రానియ్యొద్దు."

పది రోజులకు కోడలు ప్రసవించింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. నరామత్ చక్కెర, టీ పొడి పట్టుకుని చూడడానికి వెళ్ళింది. అవ్వ కోపం మరిచిపోయినట్టే ఉంది. పొట్లం అందుకుని లోపలికి రమ్మంది. నైరేషో పరుగెత్తుకొచ్చి టీచరు చెయ్యి పట్టుకుంది. కోడలు పొత్తిళ్ళ గుడ్డ తొలగించి బిడ్డ ముఖం చూపించింది. అప్పుడే మంద తోలుకుని కొడుకు వచ్చాడు, వెనకాల పెద్దపిల్లలిద్దరూ కర్రలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇల్లంతా ఒక్కచోట చేరింది. అందరూ నవ్వుతున్నారు.

నరామత్ ఏమీ చెయ్యలేదు. చూసిందంతే. కానీ ఆమె లోపల ఏదో తనంతట తాను కదిలి, ఒక్కొక్క ముఖం మీదా ఆగుతూ వెళ్ళి, పొత్తిళ్ళలోని బిడ్డ మీద ఆగింది. ఏడు.

పుట్టి బుద్ధెరిగాక ఆమె మనుషుల్ని లెక్కపెట్టడం అదే మొదటిసారి. తను రాసిన అబద్ధం నడిచి నడిచి నిజమై కూర్చుంది. టీ గ్లాసు కింద పెట్టి, తలనొప్పని చెప్పి ఇంటికి వచ్చేసింది. ఆ రాత్రి పడుకునే ముందు దాన్ని మరిచిపోదామనుకుంది. మేకలైతే మరిచిపోవచ్చేమో.

మరునాటి నుంచి ఆమెకు కొత్త పని మొదలైంది. బడికి వస్తూ ఆ ఇంటి ముందు నుంచే రావాలి. వస్తూ చూడకుండా ఉండలేదు, చూస్తూ లెక్కపెట్టకుండా ఉండలేదు. ఆరుగురే కనబడితే ఏడోవాళ్ళు బయటికి వచ్చేదాకా చెప్పు సర్దుకుంటున్నట్టు కంచె దగ్గర వంగి నిలబడుతుంది. తట్టు ఎలా వస్తుందో తెలిసిన మనిషి. తనకు పిచ్చి పట్టిందని తనకే తెలుసు. తెలిసినంత మాత్రాన కాళ్ళు కదలవు.

పర్మనెంటు ఉత్తర్వు నవంబరులో వచ్చింది. గుండ్రటి ముద్ర, కింద పెద్ద సంతకం. నాలుగేళ్ళు దేనికోసం ప్రాణం ఉగ్గబట్టుకుందో అది చేతికొచ్చింది. ఉత్తర్వు వెనక ఇంకో కాగితం పిన్ను చేసి ఉంది. నమూనా పాఠ్యప్రణాళిక అని పైన అచ్చు. 'నా కుటుంబం', తయారుచేసినవారు నరామత్, నాలెపో. వచ్చే టర్మ్ రెండో వారంలో కౌంటీలోని చిన్నబడులన్నిటిలోనూ విధిగా చెప్పాలి, ఫలితాలు పేర్లతో అంకెలతో పంపాలి. ఉదాహరణ కింద నైరేషో పేరు అలాగే ఉంది. సిగ్గుపడి చెయ్యి దాచుకోవడం కూడా తియ్యలేదు.

టర్మ్ మొదలైన రెండో వారం, పిల్లలు 'ఎవరు రాలేదు' ఆడుతుండగా తిపానోయ్ ఫోను చేసింది.

"అక్కా, నీ పాఠం మా బడికి కూడా వచ్చింది," అంది. "మా అవ్వలకు ఎట్లా తెలిసిందో, పొద్దున్నుంచీ గుమ్మంలో కూర్చున్నారు, కదలట్లేదు. రేపు సారు వస్తాడంట. నువ్వు నాలుగేళ్ళు ఎట్లా చెప్పావక్కా? ఎట్లా ఒప్పించావు?"

నరామత్ గోడ పక్కకు జరిగింది. ఆమె వెనక పిల్లలు కళ్ళు మూసుకుని ఒద్దికగా కూర్చున్నారు, ఎవరి వీపూ తట్టకపోయినా ఓపికగా ఎదురు చూస్తున్నారు.

"చెప్పలేదు," అంది.

నరామత్ ఫోను నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"నువ్వూ చెప్పొద్దు. రాసెయ్. ఒక్కో పిల్ల పేరు పక్కన ఏదో ఒక అంకె వేసెయ్. ఆయన ఏమీ అనడు."

"ఏ అంకె వెయ్యనక్కా?"

"నీ ఇష్టం. తప్పుదే వెయ్యి," అంది నరామత్. ఇక్కడి నుంచి నైరేషో వాళ్ళ ఇంటి కంచె కనబడుతోంది. కోడలు బిడ్డనెత్తుకుని బయటికొచ్చి ఎండలో కూర్చుంటోంది. అవ్వ వచ్చింది. పెద్దపిల్లల్లో ఒకడు వచ్చాడు, రెండోవాడు ఇంకా రాలేదు. "కానీ తిపానోయ్, వేశాక ఆ ఇళ్ళ వైపు చూడకు."